మనిషికో చెంచా, పాట్‌కో చెంచా

నీళ్ళు మరిగే శబ్దం మారేదాకా నాగవేణి స్టవ్ దగ్గర నుంచి కదలదు. మొదట సన్నని కూత, తర్వాత గులకరాళ్ళు దొర్లినట్టు బుడబుడ, ఆ తర్వాత అడుగు నుంచి లేచి వచ్చే పెద్ద సుడి. ఆ సుడి లేచాకే దించాలి. ముందే దించితే ఆకు విచ్చుకోదు. ఊరికే మరగనిస్తే నీళ్ళు చచ్చిపోతాయి. నీళ్ళు చచ్చిపోవడమనేది ఐరిస్ టీచరమ్మ మాట. పంతొమ్మిదేళ్ళ కింద, ఆదోనిలోని ఈ వంటింట్లోకి కొత్తగా వచ్చినప్పుడు నాగవేణి ఆ మాటకు చాటుగా నవ్వుకుంది. ఇప్పుడు తన ఇంట్లో పాలూ పొడీ చక్కెరా ఒకటిగా వేసి మరిగించుకునేటప్పుడు అదే మాట గుర్తొచ్చి, ఏదో తప్పు చేస్తున్నట్టు గబగబా దించేస్తుంది.

సుడి లేచింది. కాసిని నీళ్ళు పింగాణీ టీపాట్‌లో పోసి, రెండు చేతులతో పట్టుకొని గుండ్రంగా తిప్పి, తూములో పారబోసింది. పాట్ పొట్ట ముందు వెచ్చబడాలి. తర్వాత చెంచాలు. మనిషికో చెంచా, పాట్‌కో చెంచా. నాగవేణి మూడు వేస్తుంది. టీచరమ్మకు ఒకటి, గోడ మీది ఫోటోలోని డెరిక్ దొరకు ఒకటి, పాట్‌కు ఒకటి.

నీళ్ళు పోసి, మూత పెట్టి, దూది కూర్చి కుట్టిన టోపీ తొడిగి గడియారం చూసింది. నాలుగు గంటలు కావడానికి ఆరు నిమిషాలుంది. నాలుగు నిమిషాలు ఆకు ఊరాలి. ఈలోగా ట్రే సర్దింది. చిన్న జగ్గులో పాలు, చక్కెర గిన్నె, టీ వడగట్టే చిన్న జల్లెడ, రెండు కప్పులు, రెండు సాసర్లు.

ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దానికి అటొకటి ఇటొకటి రెండు కుర్చీలు. ఒకటి టీచరమ్మది. రెండోది ఎప్పుడూ ఖాళీ. దాని పైన గోడకు, రైలు గార్డు బట్టల్లో ఉన్న టీచరమ్మ అన్న ఫోటో. చిన్న వయసులోనే గుంతకల్లు యార్డులో బండి కింద పడి పోయాడట. నాగవేణి రెండో కప్పు ఆ కుర్చీ ముందు పెడుతుంది. అందులో టీ పోయదు. అరగంటయ్యాక తీసి, అన్నిటికన్నా ముందు కడిగి బోర్లిస్తుంది. పెద్దల అమావాస్యనాడు తమ ఇళ్ళలో పోయినవాళ్ళకు విస్తరి వేయడం లేదూ? టీచరమ్మ రోజూ వేసుకుంటుంది, అంతే. ఆ కప్పు ఎవరికని ఎన్నడూ అడగలేదు. పోయినవాళ్ళ సంగతి తీసి ఉన్నవాళ్ళ మనసు కెలకడం నాగవేణికి చేతకాదు.

ఆ గురువారం ముందుగదిలో కాలు పెట్టే చోటు లేకుండా అట్టపెట్టెలున్నాయి. టీచరమ్మ చెల్లెలి కొడుకు కీత్ పొద్దున్నే బెంగుళూరు నుంచి కారులో వచ్చాడు. పుస్తకాలన్నీ దింపి, దారంతో కట్టలు కట్టి, ఇప్పుడు టేపు కొనడానికి బజారుకు పోయాడు.

“ఎప్పుడమ్మా పోయేది?” నాగవేణి ట్రే దించుతూ అడిగింది.

“శనివారం. పదకొండుకు బయల్దేరల్లంట. చీకటి పడకముందే చేరల్లని కీత్ అంటాండాడు.”

నాగవేణి పాట్ ఎత్తి టీచరమ్మ కప్పులో సగానికి పోసింది. సగానికే పోయాలి. టీచరమ్మ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నా ఊరుకోదు, కనపడని దారం చుడుతున్నట్టు ఆడుతూనే ఉంటుంది. రెండేళ్ళుగా టీ పోసేది నాగవేణే. పోయిన నెల ఆమె స్నానాలగదిలో జారిపడ్డాక కీత్ ఇక ఎవరి మాటా వినలేదు. బెంగుళూరులో ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం మాట్లాడేశాడు.

“ఆడ టీ ఎవరు చేస్తారు?”

“మూడున్నరకు పెద్ద ఫ్లాస్కులో వస్తాదంట. పాలు, చక్కెర అన్నీ ఏసి.”

“దాన్ని టీ అంటారా?”

“ఆడ ఎనభై మంది అంటారు. నేనొక్కదాన్ని కాదంటే ఇంటారా?” టీచరమ్మ రెండు చేతులతో కప్పు పట్టుకొని ఒక గుక్క తాగింది. “ఈ సెట్టు తీసకపోను వేణీ. నాకు ఆడ ఒక మంచం, ఒక అలమార. యాడ పెట్టుకుందును? నువ్వు తీసకపో. పాట్, జగ్గు, నా కప్పు. నీ కప్పు ఎట్లా నీదే.”

“నాదేదమ్మా?”

“అదే.” టీచరమ్మ గడ్డంతో ఎదుటి కుర్చీ వైపు చూపింది. “ఇంకెవరిది?”

“డెరిక్ దొరది కదా?”

టీచరమ్మకు మొదట అర్థం కాలేదు. నాగవేణిని చూసింది, ఫోటోను చూసింది, తర్వాత కప్పులో టీ తొణికి సాసర్లో పడేటట్టు నవ్వింది.

“డెరిక్‌కా! వాడు బతికుండంగానే టీ ముట్టల్యా. వాడు తాగేది వేరే.” కళ్ళు తుడుచుకుంది. “పంతొమ్మిదేండ్లు దయ్యానికి టీ పెడతాండాననుకుంటివా?”

“మరి నాకు ఒక మాట సెప్పల్యా మీరు?”

“చెప్పినా కదా. నువ్వొచ్చిన మొదటి రోజే. కూర్చో, తాగు అంటి. మేము తాగమమ్మా అంటివి.” టీచరమ్మ గొంతులో నింద లేదు. హాజరుపట్టీ చదివినట్టు చెప్పింది. “స్కూల్లో గూడా అంతే. ముప్పై రెండేండ్లు స్టాఫ్‌రూంలో నా ఫ్లాస్కు పక్కన ఎవరూ గ్లాసు పెట్టల్యా. అందుకే నిన్ను మళ్ల అడగలేదు. అడిగితే నువ్వు పని మానుకొని పోతావేమోనని. కానీ కప్పు పెట్టకుండా ఉంటే యేం బాగుంటాది? ఎన్నడన్నా నీకు తాగబుద్ధయితే, కప్పు లేదే అనుకోకూడదు.”

నాగవేణి నోట్లోంచి మాట తనంతట తానే వచ్చింది.

“అయ్యో, ఆ పొద్దు సోమారం కదమ్మా. నాకు ఒక్కపొద్దు. సోమారమయితే పగలంతా ఏమీ ముట్టను. అందుకని అంటినేమో. ఇంకోటి కాదు.”

“ఒక్కపొద్దా?” టీచరమ్మ కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. జిన్నింగు మిల్లు నుంచి ఎగిరొచ్చిన దూదిపింజ ఒకటి కమ్మీకి తగులుకొని ఊగుతోంది. “ఓహో. అయితే మంచిదే.”

ఆ తర్వాత ఆమె కప్పు ముట్టలేదు. కళ్ళు మూసుకొని కుర్చీలో వెనక్కి వాలింది. నాగవేణి కొంచెంసేపు నిలబడి, ట్రే తీసుకొని లోపలికి పోయింది. రెండు కప్పులూ తూము దగ్గర పెట్టింది. ఏది ముందు కడగాలో తోచలేదు.

ఆ పొద్దు సోమవారం కాదు.

*

శుక్రవారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఆశ్రమంలో పరుచుకోవడానికి రెండు మగ్గం దుప్పట్లు కావాలని టీచరమ్మ అడిగింది. నాగవేణి మరిది బసవరాజు ఇంకా మగ్గం వదలలేదు. మూడింటికల్లా తిరిగి వచ్చేస్తానని ఒకటికి రెండుసార్లు చెప్పి బయల్దేరింది. దారంతా ఆ మాటే నమిలింది. ఒక్కపొద్దు. ఎంత సులువుగా వచ్చింది! మొదటిసారి చెప్పిన అబద్ధం మీద పంతొమ్మిదేళ్ళ దుమ్ము పడింది, అది తనకే గుర్తు లేదు. నిన్నటిది మాత్రం తాజాగా, నాలుక మీద అట్లాగే ఉంది. ఇంకో రోజు గడిస్తే టీచరమ్మ ఆ అబద్ధాన్ని పెట్టెల్లో పెట్టుకొని వెళ్ళిపోతుంది. అది దించుకోవడానికి మళ్ళీ తాను బెంగుళూరు పోయేది లేదు. పోయేవాళ్ళ చేతికి మనం ఏమిచ్చి పంపుతామో అదే వాళ్ళ దగ్గర ఉండిపోతుందని నాగవేణి భయం.

వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. గడప లోపల అత్త రుద్రమ్మ, ఎనభై దాటిన మనిషి, కాళ్ళు చాపుకొని రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుడుతోంది.

“వచ్చినావా? పని పాయనని ఏడుస్తా వచ్చినావా, ఊరికే వచ్చినావా?”

“దుప్పట్లకు వచ్చినా అత్తా.”

“దుప్పట్లకు వచ్చిన మొకం అట్ల ఉండదే.” రుద్రమ్మ రాట్నం ఆపలేదు. “టీచరమ్మ పోతాది, నీకు యాడన్నా ఇంకో ఇల్లు దొరుకుతాది. పాత్రలు తోమేదానికి మనుషులు కావల్లనే ఉంటారు.”

నాగవేణి అత్త ఎదురుగా కూర్చొని చుట్టగా ఉన్న నూలు చిలుప విప్పి అందించింది. మగ్గం గుంటలోంచి బసవరాజు తల ఊపి పలకరించి, మళ్ళీ పడుగు మధ్యకు నాడె విసిరాడు. ఆ చప్పుడు చాటున అడిగింది.

“అత్తా, నేను ఆయమ్మ కాడ పనికి చేరింది ఏ వారం?”

“మంగళారం. మంగళారం కొత్త పని పట్టొద్దే అని నెత్తి నోరు కొట్టుకుంటి. నువ్వు ఇంటివా?”

“ఆయమ్మ ఇంట్లో నీళ్ళు గూడా తాగొద్దని సెప్పింది నువ్వే కదా?”

రాట్నం ఆగింది. “అంటి. ఎవురు లేదన్నారు? అప్పుడు నాకు అంతే తెలివి.” రుద్రమ్మ వేళ్ళ మధ్య నూలు పోగు పట్టుకొని కోడలి ముఖంలోకి చూసింది. “మళ్ల ఆ కేకు తెస్తాంటివి కదా ఏటేటా? క్రిస్మస్సుకు?”

“అది బేకరీది.”

“బేకరీది! నీ బేకరీ మన్నుబడ. బేకరీ కేకులో ద్రాచ్చలు అంత ఉంటాయా? ఆ వాసన వస్తాదా? ఆయమ్మ చేసిందని మొదటి ముక్కకే తెలిసె నాకు.”

“తెలిసే తింటివా?”

“తెలిసే తింటి. ఈ బసవరాజుగానికి తెలిస్తే పంచుకోవల్లని అటక మీద దాపెట్టి తింటి.”

మగ్గం గుంటలోంచి బసవరాజు, “నాకూ తెలుసులే అమ్మా, అటక మీదవి ఎలుకలు తినల్యా,” అన్నాడు.

“సూడు వీన్ని! దొంగనాయాలు.”

నాగవేణి నవ్వలేకపోయింది. “తెలిసినప్పుడు నాకు ఒక మాట సెప్పుంటే యేమయితాండె?”

“నీకు సెబితే తెచ్చేది మానుతావు. నువ్వు అట్లాంటి మనిషివి.” రుద్రమ్మ మళ్ళీ రాట్నం తిప్పింది. “నేనొక పూట అన్న మాటను పంతొమ్మిదేండ్లు మూటగట్టి పెట్టుకోమన్నానా? నేను చెప్పిన మాటలు ఇంగేమన్నా అంత బాగా ఇంటివా నువ్వు?”

దుప్పట్లు మడిచి సంచిలో పెట్టుకొని నాగవేణి ఒంటిగంట బస్సుకు నిలబడింది. ఇంతసేపూ లోపల ఒక మూల అత్తను అడ్డం పెట్టుకుందామన్న ఆశ ఉండింది. అది కూడా పోయింది. ఆ ఇంట్లో తాగకూడదన్న నియమాన్ని ఇన్నాళ్ళూ పాటించిన మనిషి లోకంలో తానొక్కతే.

ఆ బస్సు రాలేదు. రెండు దాటాక వచ్చిన బస్సు కిక్కిరిసి ఉంది. ఆదోని దగ్గరికి వచ్చేసరికి పత్తి లారీలూ ట్రాక్టర్లూ రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. కదలవు. డ్రైవరు ఇంజను ఆపి దిగి బీడీ వెలిగించాడు. మూడున్నర. నాగవేణి కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది, కూర్చుంది, మళ్ళీ చూసింది. ఆఖరికి సంచి చంకన పెట్టుకొని దిగి నడిచింది. ఎండకు తల తిరిగి దారిలో రెండుచోట్ల కూలబడింది. ఇంటికి చేరేసరికి అయిదున్నర.

కీత్ గడపలోనే ఎదురయ్యాడు. “మాత్ర వేసుకొని పడుకున్నారమ్మా. నాలుగింటికి హోటల్ నుంచి టీ తెచ్చిస్తిని. ముట్టలేదు. వేణి వస్తుంది, వేణి వస్తుంది అంటా కూర్చున్నారు.” మంచివాడే. అలసిపోయి ఉన్నాడు. “మీ సామాను జాగ్రత్తగా ప్యాక్ చేసినా. పగలదు. రేపు ఆటోలో వేసి ఇంటికి పంపిస్తా.”

తలుపు పక్కన టేపు చుట్టిన అట్టపెట్టె ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలతో ఏదో రాసి ఉంది. తన పేరే అయి ఉంటుంది. నాగవేణి దుప్పట్లు మంచం కాళ్ళ దగ్గర పెట్టింది. టీచరమ్మ నిద్రలో కూడా చెయ్యి ఆడుతూనే ఉంది. కాసేపు ఆ చేతిని చూస్తూ నిలబడి, వంటింట్లోకి పోయి గ్యాసు కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూసుకొని ఇంటికి పోయింది.

*

శనివారం తొమ్మిదిన్నరకు కీత్ కారు వెనక డిక్కీలో పెట్టెలు సర్దుతున్నాడు. నాగవేణి వంటింటి కత్తితో అట్టపెట్టె టేపు కోసింది.

“అయ్యో, ఏం చేస్తుండారమ్మా? అంత కష్టపడి ప్యాక్ చేస్తిని. ఇంటికి పోయి చూసుకోవచ్చు కదా?”

“ఈడ పనుంది నాయనా.”

పాత దుప్పటి ముక్కల్లోంచి పాట్ తీసింది, మూత తీసింది, ఒక కప్పు, ఇంకో కప్పు. గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు తీసి పెట్టేశాడు కీత్. దాన్ని మళ్ళీ బిగించి, వాసన చూసి, వెలిగించింది. చెత్త సంచిలో వేసిన టీ డబ్బా వెతికి తీసింది. అడుగున మిగిలింది గీకితే మూడు చెంచాలయింది. ఈసారి లెక్క మారింది, చెంచాలు మారలేదు. నీళ్ళ పక్కన నిలబడింది. కూత. బుడబుడ. సుడి.

టీచరమ్మ కొత్త గౌను వేసుకొని, బూట్లు తొడుక్కొని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని తన కుర్చీలో కూర్చొని ఉంది. బస్టాండులో కూర్చున్న మనిషిలా. ట్రే చూసి కళ్ళజోడు సర్దుకుంది.

“ఇప్పుడేంది? ఇంకా పది గూడా కాల్యా. ఇది టీ పొద్దు కాదు.”

“నాల్గింటికి మీరుండరు కదమ్మా.”

నాగవేణి ట్రే బల్ల మీద పెట్టి, రెండో కప్పు ఎప్పుడూ పెట్టే చోట పెట్టింది. గోడ మీద ఫోటో లేదు, దాని మేర సున్నం తెల్లగా ఉంది. కొంగుతో చేతులు తుడుచుకొని, ఖాళీ కుర్చీ వెనక్కి లాగి కూర్చుంది. ఎన్ని వేలసార్లు తుడిచిందో ఆ కుర్చీని. ఇంత ఎత్తుగా ఉంటుందని తెలియదు. పాదాలు నేలకు సరిగా ఆనలేదు.

“టీచరమ్మా, ఆ పొద్దు సోమారం కాదు.”

“తెలుసు.”

“మంగళారం. నాకు ఒక్కపొద్దు లేదు. మీ ఇంట్లో తాగకూడదనుకుంటి. అంతే. మా అత్త సెప్పిందని పెట్టుకుంటి. నిన్న పోయి అడిగితే ఆమె మీ కేకు ఏటేటా తెలిసే తినిందంట. నేనొక్కదాన్నే.”

టీచరమ్మ చేతిసంచి బల్ల మీద పెట్టింది. “హోంవర్కు చెయ్యని పిల్లలకు కడుపునొప్పి వస్తాది. ముప్పై రెండేండ్లు సూసినా ఆ మొకాలు. మొన్న నీ మొకం అట్లనే ఉండె. ఇన్నేండ్లలో నీ మీద నాకు కోపం రాల్యా వేణీ. మా ఇంట్లో తాగవు, సరే, అది నీ పద్ధతి అనుకుంటి. మొన్న వచ్చింది కోపం. పోయేటప్పుడు గూడా నాకు సాకు చెప్పల్నా నువ్వు?”

నాగవేణి తల వంచుకొని కప్పు అంచున ఉన్న నీలిగీతను చూసింది. ఇన్నాళ్ళు కడిగినా ఆ గీత చెరగలేదు.

“నాలుగు నిమిషాలైంది,” అంది టీచరమ్మ.

నాగవేణి అలవాటుగా లేచి పాట్ మీదికి చెయ్యి చాపింది.

“కూర్చో.” బడిలో గొంతు అది. “ఇంటామె పొయ్యల్ల. వచ్చిన మనిషి కాదు.”

“మీ చెయ్యి…”

“నా చెయ్యి సంగతి నాకు తెలుసు.”

టీచరమ్మ దూదిటోపీ తీసింది. కుడిచేత్తో పిడి పట్టుకొని, ఎడమచేత్తో మూత అదిమి, పాట్‌ను బల్ల మీద నుంచి లేపింది. ముక్కు అటూ ఇటూ ఆడింది. మొదటి ధార సాసర్లో పడింది. తర్వాతిది బల్లగుడ్డ మీద. గుడ్డ మీద మరక నాగవేణి వైపు పాకుతూ వచ్చింది. నాగవేణి చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. లేచి అందుకోకుండా ఉండడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. నోట్లో “జాగ్రత్తమ్మా” అన్న మాటను మింగేసింది. మూడో ధార కప్పులో పడింది. సగానికి, ఇంకొంచెం పైకి. టీచరమ్మ పాట్ దించి ఊపిరి వదిలింది. నుదుటి మీద చెమట.

“పాలు?”

“పొయ్యండమ్మా.”

“చక్కెర ఎన్ని?”

టీచరమ్మకు ఒకటిన్నర అని నాగవేణికి నిద్రలో లేపినా తెలుసు. తనను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

“మూడు.”

“మూడా!” టీచరమ్మ కనుబొమ్మలు లేచాయి. అయినా మూడూ వేసింది. సగం కప్పులో పడింది, సగం గుడ్డ మీద. అది చూసి ఇంకో చెంచా వేసింది.

నాగవేణి కప్పు ఎత్తి తాగింది. పలుచగా, వగరుగా, వేడిగా ఉంది. తీపి వేరేగా, పాలు వేరేగా, ఆకు వేరేగా నాలుకకు తెలుస్తున్నాయి. ఒకటీ ఒకదానిలో కలవలేదు.

“ఎట్లుంది?”

బాగుందమ్మా అన్న మాట గొంతుదాకా వచ్చింది. నాగవేణి దాన్ని అక్కడే ఆపింది.

“బాగలేదమ్మా. సప్పగా ఉంది.”

టీచరమ్మ ఆమెను చూసింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత భుజాలు కదిలేటట్టు, చప్పుడు లేకుండా చాలాసేపు నవ్వింది. నాగవేణికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకో గుక్క తాగింది.

బయట కారు హారను మోగింది. కీత్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బల్లగుడ్డ మీద మరకనూ, కుర్చీలో కూర్చున్న నాగవేణినీ చూశాడు. “ఆంటీ, సామానంతా ఎక్కించినా. పోదామా?”

టీచరమ్మ అతని వైపు తిరగలేదు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని పాట్ పిడి పట్టుకుంది.

“ఆగు కీత్. ఇంటికి చుట్టమొచ్చింది. తాగేదాకా లేయకూడదు.”

పాట్ లేచింది, ముక్కు వణుకుతోంది. నాగవేణి కప్పు ముందుకు జరిపింది.